కుళ్లిన చేప ఏమీ చెప్పదు: తిరుపతి విశ్వవిద్యాలయాలకు బహిరంగ లేఖ

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయాల్లో జంతుశాస్త్రం, బయోటెక్నాలజీ, పశువైద్యం చెప్పే గురువులకు. తిరుపతి, చిత్తూరు జిల్లాల మత్స్యశాఖ అధికారులకు.

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను పిచ్చాటూరు వైపు ఒక ఊరి చెరువును ఏడేళ్లుగా లీజుకు తీసుకుని చేపలు పెంచుతున్నవాణ్ణి. అంతకుముందు బీఎస్సీ జువాలజీ చదివాను, మార్కులు అంతంతమాత్రం. మిమ్మల్ని ఒక గది, అంటే చేప కణాలను సీసాల్లో పెంచి చేపల రోగం తేల్చే చిన్న ల్యాబు, అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఆ గది ఎందుకో అర్థం కావాలంటే ముందు మా చెరువులో జరిగింది చెప్పాలి.

రెండేళ్ల కిందట, శివరాత్రికి ముందు వారం. ఊళ్లో సగం మంది శ్రీకాళహస్తి ప్రయాణం హడావుడిలో ఉన్నారు. తెల్లారి ఐదున్నరకు చెరువు కాపలా పెద్దాయన ఫోను చేశాడు. "నాయనా, తూము కాడ చేపలు తేలినాయి. బిన్నా రా."

చేపలు పెంచేవాడు ఈ మాట వింటే ముందుగా అనుమానించేది ఆక్సిజన్‌ని. నీళ్లు పచ్చగా చిక్కబడి, పైన మబ్బు పట్టి ఉంటే తెల్లవారుజామున గాలి చాలక చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అలాంటప్పుడు ముందుగా పోయేది బొచ్చె. జిలేబి ఆఖరున పోతుంది, దాని ప్రాణం గట్టిది. మా వైపు తిలాపియాను జిలేబి అంటాం. ఎవరూ వదలకపోయినా ప్రతి చెరువులోనూ ఉంటుంది, పిలవని పేరంటానికి వచ్చినట్టు. ఆరోజు నేను వెళ్లి చూస్తే తేలినవన్నీ జిలేబీలే. ఒక్క బొచ్చె లేదు, ఒక్క శీలావతి లేదు. అవి వేరుశనగ చెక్క సంచుల దగ్గరికి ఎప్పట్లాగే వచ్చి తిని పోతున్నాయి.

ఒక జిలేబిని చేతిలోకి తీసుకున్నాను. కళ్లు తెల్లగా మసకబారి ఉబ్బాయి. ఒంటిమీద అక్కడక్కడ పొలుసు ఊడి చర్మం కందిపోయింది. మొప్ప లేపితే ఉండాల్సిన ఎరుపు లేదు, పాలిపోయి ఉంది. ఇంకా ప్రాణంతో ఉన్నవి గట్టు వెంబడి దిక్కు తెలియనట్టు తిరుగుతున్నాయి.

తర్వాత నేను చేసినవన్నీ తెలివితక్కువ పనులే, ఒప్పుకుంటాను. మందుల షాపులో ఒక యాంటిబయాటిక్ పొడి ఇచ్చి మేతలో కలపమన్నారు. బాక్టీరియానో వైరసో షాపులో అడిగినవాళ్లు లేరు, అడగాలని నాకూ తోచలేదు. తవుడులో కలిపి మూడు రోజులు వేశాను. ఆరోగ్యంగా ఉన్న బొచ్చెలు దాన్ని తిన్నాయి. జబ్బు చేసిన జిలేబీలు మేతే ముట్టలేదు. అంటే రోగం లేని చేపకు మందు పోసి, ఆ చేపనే తర్వాత జనానికి అమ్మానన్నమాట. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

నాలుగో రోజు అరడజను చేపల్ని థర్మకోల్ పెట్టెలో ఐసు వేసి బస్సులో ఒక ల్యాబ్‌కు పంపాను. ఎనిమిది రోజులకు ఫోను వచ్చింది. "శాంపిల్ కుళ్లిపోయిందండీ. ఫ్రెష్‌గా మళ్లీ పంపండి." అప్పటికి చావులు ఆగిపోయాయి. పంపడానికి జబ్బు చేప దొరకలేదు.

పోయిన జిలేబీల ఖరీదు పెద్దదేమీ కాదు. దెబ్బ తగిలింది వల లాగిన రోజున. ఆ చెరువులో రోగం అన్న మాట అప్పటికే పుత్తూరు దాకా పాకింది. బొచ్చెలు ఏ మచ్చా లేకుండా నిగనిగలాడుతున్నా వ్యాపారి కిలోకు పాతిక రూపాయలు కోసేశాడు. "నాకేం తెలుసన్నా, రోగం దీనికి లేదని ఎవరన్నా రాసిస్తే చెప్పు" అన్నాడు. రాసిచ్చేవాళ్లు లేరు. వచ్చింది ఏ రోగమో ఈరోజుకీ నాకు తెలియదు.

ఆ వేసవిలో పరిశోధన చేస్తున్న మా మేనకోడలు దగ్గరికి వెళ్లాను. ఆమె పనిచేసే చోట చేపల కణాలను సీసాల్లో పెంచుతారు. చెప్పులు విప్పించి, చేతులకు స్పిరిట్ రాయించి లోపలికి తీసుకెళ్లింది. అరచేయంత ప్లాస్టిక్ సీసా, అడుగున రోజ్‌మిల్క్ రంగు ద్రవం. మైక్రోస్కోపు కింద పెట్టి, "మామా, ఊపిరి దాని మీద వదలొద్దు, అద్దం మసకబారుతుంది" అంది. చూశాను. సన్నగా, పొడుగ్గా ఉన్న కణాలు ఒకదాని పక్కన ఒకటి, నూనె రాసి దువ్విన జుట్టులాగా ఒకే వాలులో పరుచుకుని ఉన్నాయి. ఎక్కడా సందు లేదు. అవి ఒక చేప రెక్క నుంచి గోరంత ముక్క తీసి మొదలుపెట్టినవట. ఆ చేప ఎప్పుడో పోయింది. దాని కణాలు మాత్రం సీసా నుంచి సీసాకు మారుతూ పెరుగుతూనే ఉన్నాయి.

తర్వాత పక్క సీసా చూపించింది. అందులో జబ్బు చేప కణజాలం నూరి, బాక్టీరియా దాటలేని సన్నని ఫిల్టర్‌లో వడగట్టి ఆ నీళ్లు పోశారు. అయిదు రోజులైంది. దువ్విన జుట్టు చెదిరింది. కణాలు ముడుచుకుని గుండ్రమై, అక్కడక్కడ అడుగు నుంచి ఊడి తేలుతున్నాయి. తెగులు తగిలిన నారుమడిలో మధ్యమధ్య గుండ్రంగా ఎండిపోతుందే, అచ్చం అట్లా. ఫిల్టర్ దాటి వచ్చి కణాల్ని చంపుతున్నది వైరస్ అని అక్కడే సగం తేలిపోయింది. మిగతా సగం దానికి పేరు పెట్టడం.

నా చెరువు చేపకు ఈ పరీక్ష జరిగి ఉంటే అన్న ఆలోచన అప్పుడు పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

మీకు తెలిసిన సంగతులే మళ్లీ రాస్తున్నందుకు ఏమనుకోకండి. ఈ లేఖ నాలాంటి రైతులు కూడా చదువుతారు. ఇలా సీసా నుంచి సీసాకు మారుతూ పెరుగుతూనే ఉండే కణాల వంశాన్ని సెల్ లైన్ అంటారు. చేప కణాలతో మొదటి సెల్ లైన్ 1962లోనే వచ్చింది. అమెరికాలో రెయిన్‌బో ట్రౌట్ బీజకోశం నుంచి చేశారు. మన కొర్రమీనుకు కూడా ఇందులో పెద్ద పేరే ఉంది. కొర్రమీను పిల్లల కణజాలం నుంచి చేసిన ఎస్‌ఎస్‌ఎన్-1 అనే సెల్ లైన్, దాని నుంచి వేరుచేసిన ఇ-11 లైను ప్రపంచంలో ఎన్నో వైరాలజీ ల్యాబుల్లో ఉన్నాయి. ఇజ్రాయెల్‌లో 2009 నుంచి తిలాపియాలు కుప్పలుగా చనిపోతుంటే కారణం దొరకలేదు. చివరికి జబ్బు చేపల మెదడు నుంచి తీసింది ఈ ఇ-11 కణాల మీద వేస్తే అయిదు నుంచి పది రోజుల్లో కణాలు కూలిపోయాయి. అంతకుముందు ఎవరికీ తెలియని వైరస్ అది. 2014లో దాన్ని ప్రకటించారు, తిలాపియా లేక్ వైరస్ అని. నాలుగేళ్లకు, 2018లో, అది పశ్చిమ బెంగాల్, కేరళ చెరువుల్లో ఉన్నట్టు బయటపడింది. నా జిలేబీలకు వచ్చింది అదేనని నేను అనను. అవునో కాదో తేల్చేది దగ్గర్లో ఒకటి ఉండాలంటున్నాను.

వైరస్ జన్యువును వెతికి పట్టే పీసీఆర్ పరీక్ష ఉంది కదా అంటారు. ఉంది, వేగంగా చెబుతుంది కూడా. కానీ అది పేరు పెట్టి పిలవడం లాంటిది. ఆ పేరుగలవాడు ఇంట్లో ఉంటేనే పలుకుతాడు. పేరు తెలియనివాడు లోపల నక్కి ఉంటే పీసీఆర్‌కు తెలియదు. పైగా అది చచ్చిన వైరస్ జన్యువును కూడా పట్టుకుంటుంది. బతికి, రోగం అంటించగల వైరస్ ఉందా లేదా అన్నది కణాల మీద వేస్తేనే తేలుతుంది. రెండూ ఉండాలి. ముందు పీసీఆర్, అది పలకకపోతే సీసా.

మేము ఎంత దూరంలో ఉన్నాం అనుకుంటున్నారు? చిత్తూరు నుంచి వేలూరు మీదుగా వెళ్తే ఆర్కాటు పక్కనే మేల్విషారం. అక్కడి సి. అబ్దుల్ హకీం కళాశాలలో సాహుల్ హమీద్ గారి బృందం కట్ల, అదే మన బొచ్చె, గుండె నుంచి, కంటి నుంచి, మొప్ప నుంచి సెల్ లైన్లు చేసింది. పండుగొప్ప ప్లీహం, మూత్రపిండం నుంచీ చేసింది. నీలకంఠ రొయ్యకు వచ్చే తెల్లతోక జబ్బుకు ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ ఆ కళాశాల ల్యాబ్‌నే రిఫరెన్స్ ల్యాబ్‌గా గుర్తించింది. ఐఐటీ కాదు, కేంద్ర సంస్థ కాదు, ఒక పట్టణంలోని కాలేజీ. మామిడికాయల లారీ తిరుపతి నుంచి వేలూరుకు పోయి సాయంత్రానికి తిరిగొస్తుంది. ఈ విద్య మాత్రం సరిహద్దు దాటి ఇటు రాలేదు.

ఇక మీ పరిశోధనల సంగతి. చనువుకొద్దీ అంటున్నాను, కోపం తెచ్చుకోకండి. నేను చదివే రోజుల్లో ఒక రీసెర్చ్ స్కాలర్ దగ్గర సాయానికి కూర్చునేవాణ్ణి. వరసగా గాజు తొట్లు, ప్రతి తొట్లో జిలేబీలు, ఒక్కో తొట్లో ఒక్కో మోతాదు పురుగుమందు. 24, 48, 72, 96 గంటలకు ఎన్ని చచ్చాయో నేను లెక్కపెట్టి చెప్పాలి, ఆయన రాసుకోవాలి. సగం చేపలు చచ్చే మోతాదు ఎంతో అలా కడతారు. ఇప్పుడు అంతర్జాతీయంగా ఒప్పుకున్న పద్ధతిలో చేసినా ఒక్కో మోతాదుకు కనీసం 7 చేపలు కావాలి. అయిదు మోతాదులు, మందు వేయని కంట్రోలు తొట్టి ఒకటి, మొత్తం 42 చేపలు. మందు మారితే మళ్లీ 42. పురుగుమందు మారుతుంది, పట్టిక మారదు. మన దేశంలో ఇలాంటి థీసిసులు ఎన్ని బీరువాల్లో ఉన్నాయో మీకు నాకన్నా బాగా తెలుసు.

దీనికి వేరే దారి వచ్చింది. ట్రౌట్ చేప మొప్ప కణాలను 24 గుంటల ప్లేటులో పెంచి, వాటి మీద రసాయనం వేసి, 24 గంటల తర్వాత రంగులతో ఎన్ని కణాలు బతికున్నాయో కొలుస్తారు. 2021లో రసాయనాల పరీక్షలకు ప్రమాణాలు పెట్టే ఓఈసీడీ అనే దేశాల కూటమి దీన్ని 249వ నంబరు పరీక్షా పద్ధతిగా ఒప్పుకుంది. ఇది మాకెందుకు? మా చెరువులోకి దిగేది పైనున్న వరిమళ్ల నీళ్లు, మామిడితోటల మందు కడిగిన నీళ్లు. చిత్తూరు చుట్టుపక్కల చెరువుల్లోకి వచ్చేవాటిలో గుజ్జు ఫ్యాక్టరీల నీళ్లూ ఉంటాయి. ట్రౌట్ చల్లటి నీళ్ల చేప, దాని కణాల పరీక్ష 19 డిగ్రీల దగ్గర. మనకు కావలసింది 28 డిగ్రీల దగ్గర పెరిగే బొచ్చె మొప్ప కణం. మేల్విషారం వాళ్లు ఆ దారిలోనే పోయారు. తోళ్ల పరిశ్రమల వ్యర్థజలాన్ని పెర్ల్‌స్పాట్ చేపల మీదా, ఆ చేప కణాల మీదా పరీక్షించి పోల్చి చూశారు, రెండింటి ఫలితాలూ కలిశాయి. పెర్ల్‌స్పాట్ మన పులికాట్‌లో దొరికే చేపే. తొట్లో చచ్చిన జిలేబీల లెక్క బదులు మీ పిల్లలు ఈ పని చేస్తే, చెరువులోకి దిగే నీళ్ల బాటిల్ నేను మోసుకొచ్చి ఇస్తాను.

కణాలను సీసాలో పెంచే ఈ సెల్ కల్చర్ అన్ని రోగాలకూ విరుగుడని నేను అనడం లేదు. మా చెరువుల్లో చావులు చాలావరకు ఆక్సిజన్ లేక, అమ్మోనియా పెరిగి, చేప పేను పట్టి, ఏరోమోనాస్ లాంటి బాక్టీరియా వల్ల వస్తాయి. వాటికి నీటి పరీక్ష కిట్టు, భూతద్దం, బాక్టీరియాను పెంచి చూసే అగార్ ప్లేటు చాలు. నార్వే వాళ్లు 1987లో సాల్మన్‌కు దాదాపు 50 టన్నుల యాంటిబయాటిక్ వాడేవారు. టీకాలు వచ్చాక, చేపల దిగుబడి ఎన్నో రెట్లు పెరిగినా అది ఒక టన్ను కిందకు దిగింది. ఆ టీకాల్లో ముఖ్యమైనవి బాక్టీరియా టీకాలే, వాటికి చేప కణాలు అక్కర్లేదు. వైరస్ టీకాకు మాత్రం కణాలు కావాలి, ఎందుకంటే వైరస్ బతికున్న కణంలోనే పెరుగుతుంది. చైనాలో గడ్డిచేపకు వచ్చే రక్తస్రావ జబ్బుకు టీకా అలా కణాల్లో పెంచి బలహీనపరిచిన వైరస్‌తోనే తయారైంది. రొయ్యల రైతుల గోడు ఇంకొకటి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చాక వాకాడు తీరం కూడా తిరుపతి కిందికే వచ్చింది, కాబట్టి వాళ్లూ ఇప్పుడు మీ గుమ్మంలోవాళ్లే. 1994లో తెల్లమచ్చ వైరస్ ఆ తీరాన్ని తుడిచిపెట్టింది. ఇన్నేళ్లయినా అందరూ వాడుకోదగ్గ స్థిరమైన రొయ్య సెల్ లైన్ లేదు. ఎంత మంది ప్రయత్నించినా రొయ్య కణాలు సీసాలో కొన్నాళ్లు బతికి ఆగిపోతున్నాయి. మీలో ఎవరికైనా పేరు తెచ్చుకోవాలని ఉంటే చోటు ఖాళీగా ఉంది.

ఇంకో మాట స్పష్టం చేయాలి. మత్స్యశాఖలో ఒకాయన నా గోల విని, "ల్యాబులో చేప మాంసం పెంచుతారట, అదేనా?" అన్నారు. అది వేరు. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2024 జనవరిలో ఒక కంపెనీతో కలిసి ఆ పనికి ఒప్పందం చేసుకుంది. సీసాలో పెరిగిన చేపకూర తినే రోజు వస్తే రానీ, ఆ పులుసు ఎలా ఉంటుందో నేనూ రుచి చూస్తాను. నేను అడిగేది చెరువులో పెరిగే చేప కోసం.

ఖర్చు సంగతి మేనకోడల్ని గుచ్చి గుచ్చి అడిగాను. మనిషి కణాలకైతే 37 డిగ్రీలు, కార్బన్ డయాక్సైడ్ అందించే ఇంక్యుబేటర్ కావాలి. చేప కణాలకు ఎల్-15 అనే మీడియం, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, వాడితే ఆ గ్యాస్ అక్కర్లేదు. 28 డిగ్రీలు నిలబెట్టే బీఓడీ ఇంక్యుబేటర్ చాలు, మన ఎండాకాలంలో అది వేడి చేయడానికి కాదు చల్లబరచడానికి పనికొస్తుంది. శుభ్రమైన గాలి వీచే క్యాబినెట్, తలకిందుల మైక్రోస్కోపు, సెంట్రిఫ్యూజ్, ఫ్రీజరు. వీటిలో చాలావరకు మీ విభాగాల్లో ఇప్పటికే ఉన్నాయని నా నమ్మకం. కొన్ని గుడ్డ కప్పి ఉన్నాయని కూడా. కణాలను దాచడానికి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని కావాలి. అది విని భయపడ్డాను. తర్వాత నవ్వొచ్చింది. మా ఊరి పశువుల ఆస్పత్రిలో ఆవులకు కట్టించే వీర్యం స్ట్రాలు దాచే క్యాన్‌లో ఉండేది అదే! ఊరూరికీ తిరిగే ఆ నత్రజని పశువైద్య విశ్వవిద్యాలయానికి దొరకదా?

ఒక చిక్కు మాత్రం ఉంది. ఈ కణాలకు మేతగా మీడియంలో పదో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే సీరం కలుపుతారు. అది కోసిన ఆవు కడుపులోని దూడ రక్తం నుంచి తీసేది. తిరుపతిలో కూర్చుని ఈ సంగతి దాచి రాస్తే రేపు తెలిసినవాళ్లు నన్నే నిలదీస్తారు. ఖరీదు కూడా ఎక్కువే. చేప సీరంతో, చేప కండరాల రసంతో దాన్ని తగ్గించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఆ పరిశోధన మొదలుపెట్టడానికి ఈ ఊరికన్నా తగిన ఊరు ఉంటుందా?

సెల్ లైన్లు సున్నా నుంచి చేయాల్సిన పని కూడా లేదు. లక్నోలోని జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థలో చేప సెల్ లైన్ల జాతీయ భాండాగారం ఉంది. అక్కడినుంచి తెచ్చుకోవచ్చు, మీరు కొత్తవి చేస్తే అక్కడ దాచుకోవచ్చు. చేపల రోగాల మీద జాతీయ నిఘా కార్యక్రమం కూడా 2013 నుంచి ఆ సంస్థ ఆధ్వర్యంలోనే నడుస్తోంది. 2023లో రైతు ఫోనులోంచే రోగం గురించి తెలిపే యాప్ కూడా ఇచ్చారు. బాగుంది. కానీ ఫోనులో ఫొటో పోతుంది, చేప పోదు. ఫొటోలో కన్ను మసకబారిందని తెలుస్తుంది, ఎందుకో తెలియదు.

గది తెరిస్తే వారానికి రెండు రోజులు శాంపిళ్లు తీసుకుంటే చాలు. ఎమ్మెస్సీ పిల్లలకు ప్రాజెక్టు దొరుకుతుంది. ఆదివారం వంతులు వేసుకోక తప్పదు, కణాలకు సెలవు ఉండదట. మత్స్యశాఖ వారు చేయాల్సింది ఒకటుంది. కైకలూరు వైపు నుంచి ఆక్సిజన్ కవర్లలో వచ్చే చేపపిల్లను చెరువుల్లో వదిలేముందు ప్రతి లోడు నుంచి కొన్నింటిని ఈ గదికి పంపించడం. రోగం చాలాసార్లు లారీలోనే వస్తుంది, మేము మాత్రం తర్వాత నీళ్లను తిడతాం. ఫలితం వచ్చాక తెలుగులో ఒక కాగితం ఇవ్వండి. "వైరస్ కనిపించలేదు" అని ఒక ముక్క, కింద సంతకం. పుత్తూరు వ్యాపారికి చూపించడానికి నాకు కావలసింది అదే. ఊరికే ఇవ్వమనడం లేదు, రుసుము పెట్టండి. యాంటిబయాటిక్ పొడికి పోసిన డబ్బుల్లో సగం పెట్టినా మాకు లాభమే.

శాంపిల్ ఎలా తేవాలో కూడా నేర్చుకున్నాను. చచ్చి తేలినది పనికిరాదు. ఇంకా మొప్ప ఆడుతూ పక్కకు వాలుతున్న చేప కావాలి. మా గట్టు నుంచి తిరుపతికి మోటారు సైకిల్ మీద గంటన్నర. మూత ఉన్న బక్కెట్, బ్యాటరీ మీద నడిచే చిన్న ఏరేటర్ కొని పెట్టుకున్నాను.

కార్తీకంలో తుఫాను వానలకు చెరువు నిండగానే పిల్ల వదులుతాం. ఈలోగా గది సంగతి తేలితే, యూనివర్సిటీ గేటు దగ్గర వాచ్‌మన్ "బక్కెట్‌తో ఎక్కడికయ్యా?" అని ఆపినప్పుడు ఏ విభాగం పేరు చెప్పాలో ఒక ముక్క రాయండి.

ఇట్లు,
పిచ్చాటూరు వైపు చెరువు లీజుదారు, మీ పాత విద్యార్థి